చిప్ప మీది గీత

తాబేటి చిప్ప ప్రాణం లేని కవచమనీ, దానిమీద పడిన గీత గోడమీది గీత వంటిదేననీ అనుకోవడం చాలాకాలంగా ఉన్న పొరపాటు. వెన్నెముక, పక్కటెముకలు వెడల్పుగా విస్తరించి ఒకదానితో ఒకటి అతుక్కుపోగా ఏర్పడిన ఎముకల కట్టడమే ఆ చిప్ప. దానిపైన, మనుషుల గోళ్లలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతోనే తయారైన పలకలు పరుచుకుని ఉంటాయి. వాటి కింద రక్తనాళాలూ నరాలూ ఉన్నందువల్ల తాబేలుకు చిప్పను నిమిరినా తెలుస్తుంది, దెబ్బ తగిలితే నొప్పీ పుడుతుంది. ఇంట్లో పెరిగే తాబేలు బల్లమీది నుంచి జారిపడినప్పుడో, తలుపు సందున కాలు నలిగినప్పుడో, గోరు విరిగి నెత్తురు కారినప్పుడో ఇంటివారు పడే ఆందోళన చూసేవారికి అతిగా తోచవచ్చు గాని, దానికి శరీరశాస్త్రంలోనే ఆధారం ఉంది.

సరీసృపాలు, అంటే పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు, తమ ఒంటి వేడిని తామే పుట్టించుకోలేక ఎండనుంచీ నేలనుంచీ తెచ్చుకునే జీవులు కాబట్టి, గాయం మానడం కూడా ఆ వేడిమీదే ఆధారపడి ఉంటుంది. కుక్కకో మేకకో రెండు మూడు వారాల్లో మానే గాయానికి తాబేలు ఒంటిమీద నెలలు పట్టవచ్చు. చిప్ప పగిలితే ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. నెల్లూరు తీరంలో ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి రోజుల తరబడి ఎండ మొహం చూపని కార్తీక, మార్గశిర మాసాల్లో తగిలిన దెబ్బను మరింత జాగ్రత్తగా కనిపెట్టి ఉండవలసింది ఇందుకే. పైగా ఈ జీవులు నొప్పిని బయటపెట్టవు. మేత తగ్గించడం, ఎండకు రాకపోవడం, ఒక కాలు ఈడ్వడం వంటి చిన్న గుర్తులే వాటి మూలుగు.

పైపై గాయాన్ని సెలైన్ నీటితో కడిగి, లేత టీ రంగు వచ్చేదాకా నీటిలో పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ అద్ది, పొడిగా, వెచ్చగా ఉండే చోట ఉంచితే చాలావరకు సరిపోతుంది. గోరు విరిగి నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొద్దిసేపు అదిమి పట్టాలి. పసుపు, కిరసనాయిలు, జిగురు మాత్రం దగ్గరికి రానీయకూడదు. జిగురు పూస్తే సూక్ష్మజీవులు లోపలే చిక్కుకుంటాయి. సరీసృపాల చీము నీరులా కారిపోక జున్నులా గట్టిపడుతుంది కనుక, ఆ తర్వాత కోసి తీయడం తప్ప దారి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఐవర్‌మెక్టిన్ గురించినది: పశువులకు నులిపురుగులు, గోమార్లు పోవడానికి వాడే ఈ మందు తాబేళ్లకు ప్రాణాంతకం. చిప్పలో చీలిక కనిపించినా, ముక్కునుంచి గాని నోటినుంచి గాని నెత్తురు వచ్చినా ఇంటివైద్యం ఆపి పశువైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి, ఎందుకంటే ఊపిరితిత్తులు సరిగ్గా పైచిప్పకు ఆనుకునే ఉంటాయి. నెల్లూరువాసులకు తిరుపతి పశువైద్య కళాశాల అందుబాటులోనే ఉంది.

ఆ తాబేలు నక్షత్ర తాబేలైతే విషయం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఇంట్లో పెంచుకోనివ్వదు. 2019లో అంతర్జాతీయ వ్యాపారం కూడా నిషేధమైంది. చట్టానికి భయపడి గాయపడినదాన్ని దాచిపెట్టడం దానికి మరో దెబ్బ. అటవీశాఖకు అప్పగించడమే దాని ప్రాణానికి మేలు.

ఇంటి తాబేలు గీతను చూసి కలవరపడే కన్నుకు జువ్వలదిన్నె, మైపాడు, తూపిలిపాలెం తీరాల ఇసుకమీద కనిపించేది ఇంకా పెద్ద బాధ. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వలల్లో చిక్కుకుంటాయి. తెడ్డుల్లాంటి కాళ్లమీద వలతాడు కోసిన గాటు కంటికి కనిపిస్తుంది గాని, చంపేది కనిపించని గాయం: ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవులు, వలలో పెనుగులాడి ఊపిరి అయిపోతే మునిగి చనిపోతాయి. ట్రాలు వల మెడలో వాలుగా అమర్చే కమ్మీల చట్రం ఇందుకు విరుగుడు; రొయ్యలు కమ్మీల సందుల గుండా వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోనుంచి బయటపడుతుంది. ఈ చట్రాలు వాడకపోవడం వల్లే అమెరికా 2019లో భారత సముద్రపు రొయ్యలను ఆపివేసింది. చెరువు రొయ్యలకు ఆ నిషేధం తగలలేదు. కొద్దిపాటి చేప జారిపోతుందన్న భయంతో చట్రాన్ని పక్కన పెట్టడం న్యాయంగా తోచదు. అయితే ఆ నష్టాన్ని పట్టపుపాలేల మత్స్యకారుల మీదే వదిలేయడం కూడా న్యాయం కాదు, దాన్ని ప్రభుత్వం భరించాలి.

వలలో కదలకుండా దొరికిన తాబేలు చచ్చిందని వెంటనే నీటిలో విసిరేస్తే అప్పుడే నిజంగా మునిగిపోతుంది. దాన్ని కడుపు నేలకు ఆనేలా పడుకోబెట్టి, వెనుక భాగాన్ని జానెడు ఎత్తులో నిలిపి, నీడలో తడిగుడ్డ కప్పి ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు మెల్లగా దిగుతుంది. తేరుకోవడానికి 4 గంటలు మొదలు 24 గంటల దాకా పట్టవచ్చు. అది తల ఎత్తి, కాళ్లు ఆడించడం మొదలుపెట్టాక, ఇంజన్ ఆపి, వలలు నీటిలో లేవని చూసుకుని, తల ముందుగా సముద్రంలోకి మెల్లగా జారవిడవాలి.