రౌటర్లు చెప్పుకునే కబుర్లు

మనం పంపే సందేశం ఎన్నో రౌటర్లు దాటి గమ్యం చేరుతుంది. దారి వాటికెలా తెలుస్తుంది? ‘రిప్’ పద్ధతిలో ప్రతి రౌటరూ తనకు తెలిసిన దారులనూ, వాటి దూరాలనూ 30 సెకన్లకోసారి పక్క రౌటర్లకు చెబుతుంది. విన్న రౌటరు ఆ దూరానికి ఒకటి కలిపి రాసుకుంటుంది.

ఒక బడి నెట్‌వర్క్‌కు ‘గ’ రౌటరు దూరం 1, దాని పక్కనున్న ‘క’ దూరం 2 అనుకుందాం. బడి తీగ తెగింది. ‘గ’ ఆ సంగతి చెప్పేలోగా ‘క’, “నాకు దారి తెలుసు, దూరం 2” అంటుంది. అది తన దగ్గర విన్న పాత కబురేనని ‘గ’కు తెలియదు. నమ్మి 3 అని రాసుకుంటుంది. అది విని ‘క’ 4 అంటుంది. ఈలోగా బడికి పంపిన సందేశాలు రెండింటి మధ్యే తిరుగుతాయి. పట్టికలో దూరం ఇలా పెరుగుతూ పోతే జబ్బు ఇదేనని గుర్తించాలి.

మందులు రెండు. దూరం 16కు చేరితే దారి లేనట్టే లెక్క. రెండోది ‘స్ప్లిట్ హొరైజన్’: ఎవరి దగ్గర విన్నామో వారికే ఆ దారి తిరిగి చెప్పకూడదు.

బదిలీ అయినప్పుడు మన పాత చిరునామా కూడా ఇలాగే చేతులు మారుతుంది. కొత్తది మనమే ముందుగా చెబితే ఉత్తరం దారి తప్పదు!