వాహన సంఖ్యా ఫలకంపై లిపి: చట్ట నియమాలు – ఒక పరిశీలన

ప్రవేశిక

తెలుగు అక్షరాలతో, తెలుగు అంకెలతో రిజిస్ట్రేషన్ సంఖ్య రాయించుకున్న వాహనాలు ఉభయ తెలుగు రాష్ట్రాలలో అక్కడక్కడా కనిపిస్తాయి. భాషాభిమానంతో చేసిన పనే అయినా చట్టం దృష్టిలో అది నియమోల్లంఘన. తెలుగు అధికార భాషగా ఉన్న చోట తెలుగు సంఖ్య ఎందుకు చెల్లదు? దీనికి సమాధానం 1966 నాటి అధికార భాషా చట్టంలో దొరకదు. వాహనానికి బిగించే లోహపు రేకును నిర్వచించిన కేంద్ర నిబంధనలలో వెతకాలి.

రేకు స్వరూపం

నిర్దేశించిన రీతిలో రిజిస్ట్రేషన్ సంఖ్యను ప్రదర్శించని వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడపరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ చెబుతుంది. ఆ రీతి ఏమిటో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 50, 51 నిబంధనలు వివరిస్తాయి. 2001 సవరణతో హై సెక్యూరిటీ ప్లేటు ప్రవేశించింది. దానిని సుప్రీంకోర్టు 2004లో సమర్థించింది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలకు ఈ ప్లేటును సమకూర్చే బాధ్యత తయారీదారులది.

ఇది 1 మి.మీ. మందం గల అల్యూమినియం రేకు. గాయం కాకుండా మూలలు గుండ్రంగా ఉంటాయి. ఎడమవైపు 20 మి.మీ. చదరపు హోలోగ్రామ్‌లో చక్రం, లేజర్‌తో చెక్కిన శాశ్వత సంఖ్య ఉంటాయి. ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాని స్నాప్ లాక్‌తో దీనిని బిగిస్తారు. కారు ప్లేటు కొలత 500×120 లేదా 340×200 మి.మీ. దానిపై అక్షరాలు రంగుతో రాసినవి కావు, రేకులోంచి ఉబ్బెత్తుగా లేచినవి. ఒక్కో అక్షరం ఎత్తు 65, గీత మందం 10, అక్షరాల మధ్య ఎడం 10 మి.మీ. ఉండాలి. ఈ కొలతలే లిపి చర్చకు కీలకం.

లిపి, అంకెలు

అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు 'అరబిక్' రూపంలో ఉండాలని 50వ నిబంధన స్పష్టం చేస్తుంది. ఇక్కడ ఒక పదప్రయోగం గమనార్హం. రాజ్యాంగంలోని 343వ అధికరణం ఇవే అంకెలను 'భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం'గా పేర్కొంది. రాజ్యాంగం గుర్తుపెట్టుకున్న పుట్టుకను నిబంధన విస్మరించింది!

ఈ నియమాన్ని ఇంగ్లీషు ఆధిపత్యంగా మాత్రమే చూడడం సరికాదు. ప్లేటును చదివేవాడు యజమాని కాడు. మరో రాష్ట్రపు పోలీసు, ప్రమాదాన్ని చూసిన బాటసారి, వేగాన్ని కొలిచే కెమెరా దానిని చదవాలి. 1, 0 అంకెలతో పొరపాటు పడకుండా ఉండడానికి సంఖ్యాశ్రేణిలో ఇంగ్లీషు ఐ, ఓ అక్షరాలనే వాడరు. తెలుగులో ఈ చిక్కు మరింత పెద్దది. మన పూర్ణానుస్వారానికీ సున్నాకీ రూపం ఒకటే. అనుస్వారాన్ని 'సున్న' అనే పిలుస్తాం కదా. 'ఆం' అని రాసి పక్కన తెలుగు సున్నా పెడితే ఏది అక్షరమో, ఏది అంకెో దూరం నుంచి తేల్చడం కష్టం. 'ఎక్స్'లోని వత్తు, పొల్లు, 'టీజీ'లోని గుడిదీర్ఘాలు 65 మి.మీ. ఎత్తులో, 10 మి.మీ. గీతతో స్పష్టంగా ఇమడవు.

అయితే పరిష్కారం అసాధ్యమేమీ కాదు. సౌదీ అరేబియా ప్లేట్లపై సంఖ్య అరబిక్, రోమన్ లిపులు రెండింటిలోనూ ఉంటుంది. మన ప్రాంతాల నుంచి అక్కడికి వలస వెళ్లిన డ్రైవర్లకు ఇది నిత్యానుభవం. 28 అరబిక్ అక్షరాలలో రోమన్ లిపితో జత కుదిరే 17 అక్షరాలనే అక్కడ ఎంచుకున్నారు. 1968 నాటి వియన్నా రహదారి ఒప్పందం కూడా సరిహద్దులు దాటే వాహనాలపై ఇతర లిపులను నిషేధించలేదు, రోమన్ లిపిలో పునరుక్తిని మాత్రమే కోరింది. గుణింతం, వత్తు లేని కొన్ని తెలుగు హల్లులతో ఇటువంటి జాబితాను రూపొందించడం మన లిపిశాస్త్ర పరిశోధకులు చేయదగిన పని.

అధికార పరిధి

ఆ జాబితా సిద్ధమైనా దానిని రాష్ట్ర ప్రభుత్వం స్వయంగా అమలు చేయలేదు. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. కేంద్ర చట్టానికి విరుద్ధమైన రాష్ట్ర చట్టం రాష్ట్రపతి ఆమోదం లేనిదే నిలవదని 254వ అధికరణం చెబుతుంది. కాబట్టి రెండవ లిపిని కోరే విజ్ఞాపన వెళ్లవలసింది కేంద్ర రవాణా శాఖకే. తెలంగాణ తన సంకేతాన్ని 'టీఎస్' నుంచి 'టీజీ'గా మార్చుకోవాలన్నప్పుడు, ఆ ఒక్క రోమన్ అక్షరం మార్పుకు కూడా 2024 మార్చిలో కేంద్ర ప్రకటన అవసరమైంది.