స్కానింగ్‌కు ముందు సంతకం ఎందుకు?

"సిస్టరమ్మా, డబ్బు కట్టాం, చీటీ ఉంది. మళ్ళీ ఈ సంతకాలేమిటి?" స్కానింగ్ గది దగ్గర గర్భిణుల వెంట వచ్చినవారు తరచుగా ఇలా అడుగుతుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఫారం-ఎఫ్: కడుపులో ఉన్నది ఆడబిడ్డో మగబిడ్డో పరీక్షించి చెప్పకూడదని 1994లో చట్టం వచ్చింది. దాని ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కానింగ్‌కు ఫారం-ఎఫ్ నింపాలి. బిడ్డ ఎవరో తెలుసుకోగోరడం లేదని తల్లి, తాను చెప్పలేదని డాక్టరుగారు సంతకం చేయాలి. ఈ ఫారం సరిగా నింపకపోవడం చిన్న పొరపాటు కాదు, నేరమేనని సుప్రీంకోర్టు 2019లో తీర్పు ఇచ్చింది. మొదటిసారికే 3 సంవత్సరాల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. "ఎవరో చెప్పండి" అని ఒత్తిడి చేసే కుటుంబసభ్యులు కూడా శిక్షార్హులే.

స్కానింగ్‌లో కనబడనివి: అయిదో నెలలో చేసే టిఫా స్కానింగ్‌లో అన్ని లోపాలూ కనిపించవు. బిడ్డ తిరిగి ఉన్న తీరు, ఉమ్మనీరు తక్కువగా ఉండడం, తల్లి ఒళ్ళు అడ్డువస్తాయి. కొన్ని గుండె లోపాలు తర్వాతి నెలల్లోగాని బయటపడవు. తగిన జాగ్రత్తతో చూసినా కనబడకపోతే అది నిర్లక్ష్యం కాదు. వైద్యంలో జరిగే ప్రతి పొరపాటూ నిర్లక్ష్యం కాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది.

అయితే ఒకరి రిపోర్టు మరొకరికి ఇవ్వడం, కుడి కాలికి బదులు ఎడమ కాలు అని రాయడం, ప్రమాదకరమైన విషయం కనబడినా వెంటనే తెలియజేయకపోవడం, గర్భం ఉందేమో అడగకుండా ఎక్స్‌రే తీయడం - ఇవి నిర్లక్ష్యం కిందికి వస్తాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు ఉంది. నష్టం జరిగితే 2 సంవత్సరాల లోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చేసిన సంతకం ఆ హక్కును తీసివేయదు.

మీరు చేయవలసినవి:
1. పాత ఫిల్ములు, రిపోర్టులు తప్పక తీసుకురండి.
2. నెల తప్పితే ఎక్స్‌రేకు ముందే చెప్పండి.
3. మందు పడకపోవడం, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉంటే సి.టి.కి ముందే చెప్పండి.
4. రిపోర్టుపై పేరు, వయస్సు, తేదీ చూసుకోండి.
5. రిపోర్టు బీరువాలో దాచకండి. పంపిన డాక్టరుగారికి ఆ రోజే చూపించండి.
6. అనుమానం ఉంటే కాగితాలు అడగండి. రాతపూర్వకంగా కోరిన 72 గంటల్లో ఇవ్వాలి.

కోర్టుకు వెళ్ళే తగాదాల్లో చాలావరకు "మాకెవరూ చెప్పలేదు" అన్న మాటతోనే మొదలవుతాయి. అడగడానికి మీరు మొహమాటపడవద్దు. చెప్పడం మా బాధ్యత.