నిలువ నీడ లేని స్త్రీకి ఆట యేల?

నిలువ నీడ లేని స్త్రీకి కావలసినవి యేవి? అన్నము, వస్త్రము, వైద్యము, లోపల గడియ వేసికొనదగిన గది. ఇందెవ్వరికిని భేదాభిప్రాయ ముండదు. ఈ వరుసలో ఆటను కూడ చేర్చినచో మాత్రము పలువురు నవ్వుదురు. కడుపు నిండిన పిమ్మట గదా ఆటపాటలని వారి వాదము. అది కొంతవరకే సత్యము.

2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు 17 లక్షలకు పైబడి యుండిరి. వారిలో స్త్రీలును లక్షల సంఖ్యలోనే కలరు. వీధిని పండుకొను స్త్రీకి రాత్రి యనగా కావలి. మూటను తలక్రింద నుంచుకొని, అడుగుల చప్పుడైనప్పుడెల్ల లేచి కూర్చుండును. ఆశ్రయగృహమున మంచము దొరకినంతనే ఈ అలవాటు పోదు.

భయమునకును ఆటకును గల వైరమును జాక్ పాంక్‌సెప్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలయందు పరిశీలించెను. ఆడుకొనుచున్న ఎలుకపిల్లల నడుమ కొన్ని పిల్లి వెండ్రుకల నుంచగా ఆట తక్షణమే ఆగిపోయెను. వాటిని తీసివేసిన పిదపను కొన్ని దినములవరకు ఆట మునుపటివలె సాగలేదు. మనుష్యులు ఎలుకలు కారు. అయినను, ఆపద తొలగుట వేరు, తొలగినదని మనస్సు నమ్ముట వేరు అను సంగతి ఇందు తేటపడుచున్నది.

ఆ నమ్మకమును మరల కలిగించు సాధనములలో ఆట యొకటి. ఇద్దరు స్త్రీలు వామనగుంటలు ఆడుచున్నారనుకొనుడు. చూపు వాకిటినుండి మరలి చింతగింజలపై నిలుచును. తన వంతు తప్పక వచ్చును. నియమము ఇద్దరికిని సమానము. ఓడినను పోవునది లేదు, మరల మొదలుపెట్టవచ్చును. గతమును చెప్పుమని అడుగువారుండరు.

నిరాశ్రయుల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు 2003లో ఆస్ట్రియా దేశపు గ్రాజ్ నగరమున ఆరంభమయ్యెను. 2008లో మెల్‌బోర్న్ నగరమున స్త్రీలకు ప్రత్యేకముగ పోటీ యేర్పడెను. మైదానమున పక్షమునకు నలుగురు, ఆట 14 నిమిషములు. ఆ కొలది సేపు ఆమె జాలి గొలుపు నిరాశ్రయురాలు కాదు, తోడివారు బంతి నందించుటకై వెదకు క్రీడాకారిణి.

అయితే బలవంతపుటాట ఆట కాదు. గోడ కానుకొని చూచుచున్న ఆమెను చేయిపట్టి లాగరాదు. దాతలు వచ్చిరని యెవరిని ఆడింపరాదు. వైద్యమునకు గాని, యింటికి గాని ఆట బదులు కాదు. దాని ఫలమును పద్దులలో వ్రాయుటయు కష్టము. ఒక స్త్రీ వాకిలివైపు చూడక ఆట ముగియువరకు కూర్చుండెనేని, అదియే తొలి ఫలము.

మీ ఊరి ఆశ్రయగృహమునకు బియ్యమును చీరలును పంపునప్పుడు, అటకపై మూలబడియున్న వామనగుంటల పీటను, గుప్పెడు చింతగింజలను కూడ పంపుడు.