సముద్ర నాచు మాత్ర: సీసాలో ఉన్నది ఏ సారం?

సముద్ర నాచు మాత్రలు వేసుకుంటే థైరాయిడ్‌ దారికొస్తుందనీ, బరువు తగ్గుతారనీ, క్యాన్సర్‌ కూడా లొంగుతుందనీ చెప్పే ప్రకటనలు ఫోన్లో మీకూ కనిపిస్తుండొచ్చు. చుట్టాల్లో ఎవరో ఒకరు వాటిని తెప్పించుకునే ఉంటారు. ఇదంతా ఉత్త మోసమా అంటే, కాదు. గోధుమరంగు సముద్ర నాచులో ఒంటి మీద ప్రభావం చూపే పదార్థాలు నిజంగానే ఉన్నాయి. అలాగని సీసా మీద ‘సీవీడ్‌’ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. నాచు నుంచి తీసిన ఒక సారం ఛాతీలో మంటను తగ్గిస్తే, నాచును ఉన్నపళంగా పొడి చేసి నింపిన మాత్ర థైరాయిడ్‌ను దెబ్బతీయొచ్చు. అందులోంచి ఏం తీశారు, ఏం తీయకుండా వదిలేశారు అన్నదే చూసుకోవాలి.

నిజానికి ఈ నాచును మీరు ఇప్పటికే వాడుతున్నారు. భోజనం తర్వాత ఛాతీలో మంటకు తాగే గావిస్కాన్‌ వంటి సిరప్‌లలో ఉండేది సోడియం ఆల్జినేట్‌. గోధుమరంగు నాచు కణాల గోడల్లోని జిగురు పదార్థం నుంచే దీన్ని తయారు చేస్తారు. కడుపులోని ఆమ్లం తగలగానే అది చిక్కబడి, పైన తెప్పలా తేలుతూ ఆమ్లం గొంతులోకి ఎగదన్నకుండా అడ్డుకుంటుంది. పంటి డాక్టరు అచ్చు తీయడానికి నోట్లో పెట్టే మెత్తటి ముద్ద, రసి కారే పుండ్ల మీద వేసే కొన్ని రకాల కట్లు కూడా ఆల్జినేట్‌తో చేసినవే. ఐస్‌క్రీం డబ్బా మీద 401 అన్న సంఖ్య కనిపిస్తే అదీ ఇదే. 406 అని ఉంటే మాత్రం అగార్‌, అంటే మనం చైనా గ్రాస్‌ అని కొనుక్కునేది. అది ఎర్ర నాచు నుంచి వస్తుంది.

కృష్ణా డెల్టాలో చాలామందికి నాచు సారం మందుల షాపు కంటే ముందు ఎరువుల కొట్లో పరిచయమైంది. పైరు మీద చల్లే సాగరిక, బయోవిటా వంటి ద్రావణాల్లో ఉండేది సముద్ర నాచు సారమే. (అవి పంట కోసం చేసినవి. నాచే కదా అని మనుషులు తాగడానికి కాదు.) కానీ ఆ నాచు మన డెల్టా తీరంలో పెరిగేది కాదు. గోధుమరంగు నాచుకు నేలలోకి దిగే వేళ్లుండవు. రాయిని గట్టిగా పట్టుకుని, తేట నీళ్లలో ఎండ తగిలేలా బతకాలి. హంసలదీవి, నాగాయలంక, మంగినపూడి తీరాల్లో ఉన్నది కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు, బురద. అక్కడ మడ అడవులు పెరుగుతాయి గానీ, నాచుకు పట్టు దొరకదు. విశాఖ, భీమిలి రాళ్ల దగ్గరకు ఆటు సమయంలో వెళితే తీగలా సాగే సర్గాసం, విసనకర్రలా విచ్చుకునే పాడినా కనిపిస్తాయి. పరిశ్రమలకు కావలసిన సర్గాసం, టర్బినేరియా మాత్రం ఎక్కువగా తమిళనాడులోని మండపం, రామేశ్వరం వైపు నుంచి వస్తాయి.

బెండకాయ జిగురు, విరిగిన పాలు

ఎండిన నాచు నుంచి సారాలు తీయడం కాఫీ డికాక్షన్‌ లాంటి పనే. ఏది దేనిలో కరుగుతుందన్నదే కిటుకు. నాచును కడిగి, ఆరబెట్టి, పొడి చేసి ముందుగా ఆల్కహాల్‌లో నానబెడతారు. రంగులు, కొవ్వులు అందులోకి దిగుతాయి. నాచుకు ఆ గోధుమరంగును ఇచ్చే ఫ్యుకోజాంథిన్‌ దొరికేది ఇక్కడే. ఇది వేడికీ వెలుతురుకీ పాడైపోయే సుకుమారం.

మిగిలిన పిప్పిని వేడినీళ్లలో గానీ, పలచని ఆమ్లంలో గానీ ఉడికిస్తే ఫ్యుకోయిడాన్‌ దిగుతుంది. దాని వెంట కొంత ఆల్జినేట్‌ కూడా వస్తుంది. కాల్షియం క్లోరైడ్‌ కలిపితే ఆ ఆల్జినేట్‌ గడ్డకట్టి విడిపోతుంది. వడకట్టిన తేట నీటిలో మళ్లీ ఆల్కహాల్‌ పోస్తే, నిమ్మరసం పడ్డ పాలు విరిగినట్టు ఫ్యుకోయిడాన్‌ విడివడుతుంది. ఇక అడుగున మిగిలిన పిప్పిని సోడియం కార్బొనేట్‌, అంటే బట్టల సోడా కలిపిన నీటిలో వేడిచేస్తే బెండకాయ జిగురులా ఆల్జినేట్‌ బయటికొస్తుంది. ఈ పద్ధతి కొత్తదేం కాదు. స్టాన్‌ఫర్డ్‌ అనే రసాయన శాస్త్రవేత్త ఆల్జినేట్‌ను 1881లోనే వెలికితీశారు. ఫ్యుకోయిడాన్‌ను స్వీడన్‌కు చెందిన కైలిన్‌ 1913లో గుర్తించారు.

ఎండు నాచులో ఆల్జినేట్‌ సుమారు పావు వంతు దాకా ఉంటే, ఫ్యుకోయిడాన్‌ చాలా జాతుల్లో వంద గ్రాములకు కొద్ది గ్రాములే. ఫ్యుకోజాంథిన్‌ను మిల్లీగ్రాముల్లో లెక్కపెట్టాలి. ఇదంతా నాచు జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ‘నాచు సారం 500 మి.గ్రా.’ అని మాత్రమే రాసి ఉంటే మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు.

మరి పనిచేస్తాయా?

ఆల్జినేట్‌ సంగతి తేలిపోయింది. అది దశాబ్దాలుగా వాడుకలో ఉంది. మిగతావాటి కథ అంత ముందుకు పోలేదు. ఫ్యుకోయిడాన్‌ క్యాన్సర్‌ కణాలను అణచడం ప్రయోగశాలలో, ఎలుకల్లో కనిపించింది. మనుషుల్లో జరిగినవి చిన్న అధ్యయనాలే. దీన్ని నమ్ముకుని కీమోథెరపీ మానేస్తే పోయేది విలువైన కాలం. ఫ్యుకోజాంథిన్‌తో బరువు తగ్గడమూ ఇంకా ఎక్కువగా ఎలుకల కథే.

మందుగా ఎదగడం ఎంత కష్టమో చైనా అనుభవం చెబుతుంది. గోధుమరంగు నాచు నుంచి చేసిన జీవీ-971 అనే మందుకు అల్జీమర్స్‌ కోసం 2019లో అక్కడ షరతులతో అనుమతి ఇచ్చారు. ఇతర దేశాల్లో మొదలైన పెద్ద పరీక్ష 2022లో మధ్యలోనే ఆగిపోయింది.

మన దేశంలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ‘కడల్మిన్‌’ పేరుతో కీళ్లనొప్పులు, మధుమేహం, కొలెస్ట్రాల్‌ వంటి సమస్యలకు నాచు సారాలను రూపొందించింది. ఇలా ఎంపిక చేసి తీసిన సారానికీ, పేరులేని నాచు పొడికీ పోలిక లేదు. అయినా ఇవీ ఆహార పూరకాలే. మీరు వేసుకుంటున్న షుగర్‌ మాత్రకు బదులు కావు.

అసలు చిక్కు అయోడిన్‌తోనే

లోకం అయోడిన్‌ను మొదట చూసింది సముద్ర నాచు బూడిదలోనే, 1811లో. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్‌ చాలు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250. గ్రాముకు 15 మైక్రోగ్రాములున్న అయోడిన్‌ ఉప్పు 10 గ్రాములు తింటేనే 150 వచ్చేస్తుంది. మన ఇళ్లలో పప్పు, పచ్చడి, ఆవకాయ, మజ్జిగ అన్నీ కలిపితే ఉప్పుకు కొదవేముంది? దీని మీద కెల్ప్‌ లేదా కొంబు అనే చల్లని సముద్రాల నాచు పొడి ఒక్క గ్రాము తీసుకుంటే, 1,000 మైక్రోగ్రాములకు మించి అయోడిన్‌ చేరొచ్చు.

థైరాయిడ్‌ గ్రంథికి అయోడిన్‌ కావాలి కదా, ఎక్కువైతే నష్టమేంటని అనిపిస్తుంది. ఒక్కసారిగా ఎక్కువైతే గ్రంథి హార్మోన్ల తయారీని ఆపేస్తుంది. ఆరోగ్యవంతుల్లో కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. రోగనిరోధక వ్యవస్థే గ్రంథిపై దాడిచేసే హషిమోటో సమస్య ఉన్నవారిలో సర్దుకోకపోవచ్చు. మనకు కనిపించే హైపోథైరాయిడ్‌ కేసుల్లో ఇది ప్రధాన కారణం. అంటే థైరాయిడ్‌ తగ్గుతుందని నాచు మాత్ర వేసుకున్నవారికే ముప్పు ఎక్కువ. పెద్ద వయసులో గ్రంథిలో గడ్డలుంటే దీనికి తలకిందులుగా హార్మోన్‌ మితిమీరి, గుండె దడ మొదలవుతుంది. గర్భిణి అతిగా అయోడిన్‌ తీసుకుంటే కడుపులోని బిడ్డ థైరాయిడ్‌ కూడా దెబ్బతింటుంది.

ఫ్యుకోయిడాన్‌ది ఇంకో గుణం. హెపారిన్‌ మాదిరిగా రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే శక్తి దానికి ఉన్నట్టు ప్రయోగశాలలో తేలింది. గుండెకు కవాటం మార్చుకున్నవారు, స్టెంట్‌ వేయించుకున్నవారు, త్వరలో ఆపరేషన్‌ ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా దాని జోలికి పోవద్దు. ఇక ఆర్సెనిక్‌. హిజికి అనే జపాన్‌ నాచును తినొద్దని బ్రిటన్‌ ఆహార ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. అది మన విశాఖ రాళ్ల మీది సర్గాసానికి దగ్గరి చుట్టమే. నాచు నీటిలోని లోహాలను పీల్చుకుంటుంది కాబట్టి, సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చి ఇంట్లో కషాయం కాచుకోవడం అసలే వద్దు.

సీసా మీద నాచు జాతి పేరు, ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు, ఒక మాత్రలో అయోడిన్‌ ఎంత, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్నాయేమో చూడండి. ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం కూడా ఉండాలి. అదే సీసాను జబ్బు నయం చేసేదని అమ్ముతుంటే అనుమానించాల్సిందే. అయోడిన్‌ ఎంతో చెప్పని కెల్ప్‌ మాత్రను థైరాయిడ్‌ ఉన్నవారు కొనకపోవడమే మేలు. ఇప్పటికే వాడుతుంటే, ఈసారి టీఎస్‌హెచ్‌ రిపోర్టుతో పాటు ఆ సీసానూ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. థైరాక్సిన్‌ మోతాదు మార్చేముందు ఆయన చూడాల్సింది అదే.