ఫోల్డర్‌ను పిన్ చేయడం: లోపల జరిగేదేమిటి?

పరిచయం

అనకాపల్లి బెల్లం మార్కెట్ ధరలపై మీరు ప్రాజెక్టు తయారు చేస్తున్నారనుకుందాం. వివరాలన్నీ ‘డాక్యుమెంట్స్’లో, మరో రెండు ఫోల్డర్ల లోపల, ‘బెల్లం’ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ప్రతిసారీ అన్నీ తెరుచుకుంటూ వెళ్లకుండా, ఆ ఫోల్డర్‌ను ఫైల్ మేనేజర్ ఎడమ పట్టీలో పిన్ చేసుకోవచ్చు. అప్పుడది రెండు చోట్ల ఉన్నట్టు కనబడుతుంది. నిజానికి ఉన్నది ఒక్కచోటే. పట్టీలో చేరేది దాని చిరునామా మాత్రమే.

చిరునామా నిల్వ ఉండే చోటు

ఉబుంటులోని గ్నోమ్ ఫైల్స్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో పిన్‌ను ‘బుక్‌మార్క్’ అంటారు. మీ హోమ్ ఫోల్డర్‌లో ‘కాన్ఫిగ్’ అనే దాగి ఉండే ఫోల్డర్, దానిలో ‘జీటీకే-3.0’, అందులో ‘బుక్‌మార్క్స్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటాయి. ఒక్కో పిన్‌కు ఒక్కో వరుస. ముందు చిరునామా, తరువాత ఒక ఖాళీ, ఆపైన మీరు వేరే పేరు పెట్టి ఉంటే ఆ పేరు. పట్టీలో కనబడే క్రమం ఈ వరుసల క్రమమే.

ఫోల్డర్ పేరులోనే ఖాళీ ఉంటే? దాన్ని శాతం గుర్తు, పక్కన 20 అంకెతో రాస్తారు. అందువల్ల చిరునామా ఎక్కడ ముగిసిందో ప్రోగ్రామ్‌కు స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు పేర్లకూ ఇదే పద్ధతి. ‘బెల్లం’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: బ, ఎత్వం, ల, పొల్లు, ల, సున్న. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 18 బైట్లు. ఒక్కో బైటుకు శాతం గుర్తు, రెండు హెక్సాడెసిమల్ అంకెలు. మొత్తం 54 గుర్తులు. ఫైలు తెరిచినప్పుడు ఇవి కనిపిస్తే పాడైపోయిందని కంగారుపడకండి.

విండోస్ 10లో ఈ సౌకర్యం పేరు ‘క్విక్ యాక్సెస్’. మీరు పిన్ చేసినవే కాక, తరచుగా తెరిచే ఫోల్డర్లను కూడా అది తానే చేర్చగలదు. ఆ వివరాలు బైనరీ ఫైలులో ఉంటాయి. టెక్స్ట్ ఎడిటర్‌లో చదవడం కుదరదు.

గుర్తుంచుకోవలసినవి

1. పిన్ తీసేస్తే చిరునామా పోతుంది. ఫోల్డర్ భద్రంగా ఉంటుంది.
2. పిన్ ద్వారా తెరిచి లోపలి ఫైలును తొలగిస్తే అసలు ఫైలే పోతుంది. పిన్ నకలు కాదు. ప్రాజెక్టుకు నకలు కావాలంటే పెన్‌డ్రైవ్‌లోకి విడిగా కాపీ చేయాలి.
3. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను పిన్ చేసి, డ్రైవ్ తీసేస్తే ఆ చిరునామాలో ఏమీ దొరకదు.
4. ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్లినా పిన్ వెంట రాదు. అది మొదటి కంప్యూటర్‌లోని మీ ఖాతాలోనే ఉండిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక విద్యార్థి ఫోల్డర్‌ను పిన్ చేసి, ‘ఇక రెండు కాపీలున్నాయి’ అనుకుని అసలు ఫోల్డర్‌ను తొలగించాడు. అతనికి మిగిలేదేమిటి? కారణం రెండు వాక్యాల్లో రాయండి.