‘ఆమె పోయింది’ అనే పాట, ‘నేను పోగొట్టుకున్న’ అనే పాట

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, యాప్ లేదు, కోడింగ్ అసలే లేదు. ఈ రోజు ఒక పాట గురించి మాట్లాడుకుందాం. రెండు నిమిషాలకు కొంచెం ఎక్కువ ఉంటుంది, అంతే. కానీ అది నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ముందు పోయిన నెల సంగతి చెప్తాను. ఊరికి పోయి తిరుమలగిరి చౌరస్తాలో బస్సు దిగాను. అక్కడి నుంచి ఇంటికి ఆటో ఎక్కాను. నడిపే తమ్ముడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. బాక్సులో లవ్ ఫెయిల్యూర్ పాటలు. ఒకటి అయిపోతే ఇంకొకటి. మీకు తెలిసినవే, యూట్యూబ్‌లో కుప్పలు కుప్పలుగా ఉంటాయి. మూడు పాటలు విన్నాను, మూడింట్లోనూ సంగతి ఒక్కటే. నేను ప్రాణం పెట్టాను, నువ్వు మోసం చేశావు, పైసలున్నోడిని చూసుకుని పోయావు.

ఉండబట్టలేక అడిగాను. "ఏం తమ్ముడూ, అన్నీ ఇవే పాటలా?"

"ఇవే నడుస్తున్నయ్ అన్నా."

"నీకేమైంది?"

అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఏమున్నదన్నా. పోయింది."

పోయింది. ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే రెండేళ్ల కింద నేను కూడా అందరికీ అదే మాట చెప్పుకుంటూ తిరిగాను. నా కథ చివర్లో చెప్తాను. ముందు పాట.

పాట పేరు ‘ఎయింట్ నో సన్‌షైన్’. రాసి పాడింది బిల్ విథర్స్. 1971లో వచ్చిన ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ అనే ఆయన మొదటి ఆల్బమ్‌లో ఉంటుంది. దీన్ని సోల్ పాట అంటారు. సోల్ అంటే ఆత్మ అని మనకు తెలుసు. మరి ఇందులో ఆత్మ ఎక్కడుంది? ప్రతి పాటలోనూ ఏదో ఒక ఫీల్ ఉంటుంది కదా, దీనికే ఆ పేరు ఎందుకు?

దీనికి జవాబు చర్చిలో ఉంది. అమెరికాలో నల్లజాతి వాళ్ల చర్చిల్లో గాస్పెల్ పాటలు పాడేవాళ్లు. పాస్టరు ఒక మాట అంటే జనం తిరిగి అందుకుంటారు. మన భజనలో, కోలాటంలో ఒకరు చెప్తే మిగతావాళ్లు అందుకున్నట్టు. 1950లలో ఈ గాస్పెల్ పద్ధతి, రిథమ్ అండ్ బ్లూస్ అనే సంగీతం కలిసిపోయాయి. 1954లో రే చార్ల్స్ ఒక గాస్పెల్ పాట బాణీని తీసుకుని దానికి ప్రేమ మాటలు పెట్టి పాడాడు. దేవుడి పాటను ఇట్లా చేస్తావా అని చర్చికి పోయేవాళ్లు కోప్పడ్డారు కూడా. సోల్ అట్లా పుట్టింది.

ఆ చర్చిల్లో ఇంకో ఆచారం ఉంది. ఒక మనిషి లేచి నిలబడి తన జీవితంలో జరిగింది అందరి ముందూ చెప్తాడు. మన దగ్గర చర్చికి వెళ్లేవాళ్లకు ఇది బాగా తెలుసు, దీన్నే ‘సాక్ష్యం చెప్పడం’ అంటారు. నేను ఇట్లా ఉండేవాణ్ణి, ఇట్లా తప్పిపోయాను, ఇట్లా అయ్యాను అని. గమనించండి, సాక్ష్యంలో పక్కవాడి తప్పులు చెప్పరు. నిలబడ్డవాడు తన గురించే చెప్పుకోవాలి. సోల్ పాట ఆ అలవాటును దేవుడి దగ్గర నుంచి ప్రేమ దగ్గరకు తెచ్చింది. నా మటుకు సోల్ అంటే ఇదే. గొంతు ఎంత పైకి పోయిందని కాదు, పాడేవాడు ఎవరి గురించి సాక్ష్యం చెప్తున్నాడనేది లెక్క.

ఇప్పుడు విథర్స్ దగ్గరకు వద్దాం. ఈయన పుట్టింది 1938లో, వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊరు. చిన్నప్పటి నుంచి నత్తి. నేవీలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. తర్వాత కాలిఫోర్నియాలో విమానాల టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికుడు. పాట రికార్డు అయ్యేటప్పటికి వయసు ముప్పై దాటింది. ఆల్బమ్ అట్ట మీద చూడండి, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. అది ఫ్యాక్టరీలో తీసిన ఫోటోనే. పాటలు నమ్ముకుంటే నడుస్తదో లేదో అని ఉద్యోగం వెంటనే వదల్లేదు. బీటెక్ చేసి, జాబ్ మానేసి వీడియోలు చేసుకుంటున్న నాకు ఈ భయం బాగా తెలుసు.

ఈ పాట ఆలోచన ఆయనకు ఒక సినిమా చూస్తే వచ్చింది. ‘డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్’, 1962 సినిమా. అందులో భార్యాభర్తలిద్దరూ మందుకు బానిసలవుతారు. మనకు మంచిది కాదని తెలిసినా కొన్నింటిని వదల్లేం కదా అన్నది ఆయనకు తట్టింది. పాటలో ఉన్నది కూడా అంతే. ఆమె ఇంట్లో లేదు. ఆమె లేకపోతే ఇల్లు చీకటి. అయినా ఆ అమ్మాయి జోలికి పోకుండా ఉండాల్సింది తనే అని కూడా అతనికి తెలుసు.

మధ్యలో ఒక వింత ఉంది. ‘నాకు తెలుసు’ అనే అర్థం వచ్చే ఒక చిన్న మాటను 26 సార్లు వరుసగా అంటాడు. నిజానికి అక్కడ ఇంకొన్ని మాటలు రాసి పెడదామనుకున్నాడు. స్టూడియోలో ఉన్న పెద్ద సంగీతకారులు, వద్దు, అట్లనే వదిలెయ్ అన్నారు. ఈ ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేసింది బుకర్ టి. జోన్స్. విథర్స్ వాళ్ల మాట విన్నాడు. సింగిల్‌గా వచ్చినప్పుడు ఈ పాట రికార్డుకు రెండో వైపు వేశారు. అయినా రేడియో వాళ్లు తిప్పి దీన్నే వాయించారు. తర్వాత గ్రామీ కూడా వచ్చింది.

26 సార్లు ‘నాకు తెలుసు’. ఏం తెలుసో చెప్పడు. ఆమె తప్పు ఒక్కటి కూడా లెక్కపెట్టడు. మొదటి ఐదారు సార్లు మామూలుగా వింటాం. పదిహేను దాటేసరికి, ఈ మనిషి ఎవరితోనూ వాదించట్లేదు, తనతో తనే మాట్లాడుకుంటున్నాడని అర్థమవుతుంది. అప్పుడు గుండె కలుక్కుమంటుంది.

సరే, మరి మన దగ్గర ఇట్లాంటి పాటలు లేవా? ఎందుకు లేవు. ప్రేమ పోయిన బాధ అనగానే మన తాతల కాలం నుంచి గుర్తొచ్చేది ‘దేవదాసు’. 1953 సినిమా. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం, అక్కినేని, సావిత్రి. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. సినిమా విడుదల కాకముందే, 1952లో ఆయన చనిపోయారు. ‘జగమే మాయ’ ఘంటసాల పాడారు. డెబ్బై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఒకడు మందు తాగి బాధపడుతుంటే పక్కవాడు ఏడిపించేది ఆ పాటతోనే.

కానీ ఒకసారి కథ చూడండి. శరత్‌చంద్ర ఈ నవల 1917లో ప్రచురించారు. పార్వతి రాత్రిపూట ధైర్యం చేసి దేవదాసు గదికి వస్తుంది. అతను తండ్రికి ఎదురు చెప్పలేడు. కలకత్తా పోయి, నీ మీద నాకు అట్లాంటి ప్రేమ లేదని ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మార్చుకుని వస్తే ఆమె పౌరుషంగా మాట్లాడుతుంది. అప్పుడు నుదుటి మీద కొడతాడు. అంటే ఆమెను పోగొట్టింది అతని పిరికితనం, అతని చెయ్యి. మరి పాట ఎవరి మీద నింద వేస్తుంది? లోకం మీద. లోకమే మాయ అయితే ఇక నా తప్పు ఎక్కడిది?

ఇంకొకటి. విథర్స్ పాట వచ్చిన 1971లోనే మన దగ్గర ‘ప్రేమనగర్’ వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి నవల, కె.వి. మహదేవన్ సంగీతం. ‘మనసు గతి ఇంతే’ రాసింది ఆత్రేయ. మనసు కవి అని ఊరికే అనలేదు ఆయన్ని. ఈ కథలో కూడా హీరో ఆమెను అనుమానించాడు, ఆమె వెళ్లిపోయింది. ఇక్కడ నింద లోకం మీద నుంచి మనసు మీదకు వచ్చింది. ఇంటికి కొంచెం దగ్గరికొచ్చాం అన్నమాట. కానీ ‘మనసు’ అంటే అందరి మనసు, మనిషి జాతి మనసు. ఇంకా ‘నేను’ అనలేదు.

ఈ పాటలు గొప్పవి కావని నేను అనట్లేదు. ఘంటసాల గొంతు వింటే నాకూ ఒళ్లు జలదరిస్తుంది. నేను చెప్పేది ఇంతే. ప్రేమ పోయిన పాట ఏది విన్నా ఒక ప్రశ్న వేసుకోండి. తప్పు ఎవరిది అంటున్నది? నీది అంటే అది ఫిర్యాదు. లోకానిది అంటే ఓదార్పు. నాది అంటే, అది పశ్చాత్తాపం.

దీనికి మన భాషలోనే మంచి కొలత ఉంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి "నాయనమ్మా, పెన్ను పోయింది" అంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "పోయిందా? దానికేమన్న కాళ్లున్నయారా పోనీకె? పోగొట్టుకున్న అను" అనేది. అప్పుడు తిట్టు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే వ్యాకరణం. ‘పోయింది’లో నేను లేను. పెన్ను తనంతట తను నడిచిపోయినట్టు. ‘పోగొట్టుకున్న’లో చేసిందీ నేనే, నష్టపోయిందీ నేనే. వండింది వేరు, వండుకుంది వేరు కదా. ఆ ‘కొను’ పనిని తిప్పి చేసినవాడి మీదకే తెస్తుంది. విథర్స్ 26 సార్లు అన్న మాట మన తెలుగులో ఒక్క క్రియలో ఉంది.

ఇప్పుడు నా కథ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక అమ్మాయి, నేను మూడేళ్లు కలిసి ఉన్నాం. ఇంట్లో చెప్పు అని అడిగింది. అప్రైజల్ అయ్యాక అన్నాను. ఆన్‌సైట్ తేలాక అన్నాను. చెల్లె పెళ్లి అయ్యాక అన్నాను. నైట్ షిఫ్ట్ అని ఫోన్ ఎత్తని రోజులు కూడా ఉన్నాయి. రెండేళ్లు అడిగి అడిగి, చివరికి వాళ్లింట్లో చూసిన సంబంధానికి సరే అంది. నేనేం చేశాను? వాట్సాప్ స్టేటస్‌లో ఒక లవ్ ఫెయిల్యూర్ పాట పెట్టాను. నువ్వు మోసం చేశావు టైపు. ఫ్రెండ్స్ అందరూ నన్ను ఓదార్చారు. ఆమెను తిట్టారు. నేను తిట్టనిచ్చాను.

మూడో రోజు ఆమె స్నేహితురాలి నుంచి మెసేజ్. "ఇంట్ల చెప్పమని రెండేండ్లు అడిగింది. ఆ పాటల అది ఎక్కడున్నది?"

జవాబు లేదు నా దగ్గర. స్టేటస్ తీసేశాను. కానీ చూసినవాళ్ల లిస్టులో ఆమె పేరు అప్పటికే ఉంది.

ఆమెకు సారీ మెసేజ్ పెట్టలేదు. పెళ్లి కుదిరిన అమ్మాయికి అర్ధరాత్రి సారీ పెడితే ఆ భారం మళ్లీ ఆమె మీదే వేసినట్టు. నేను చేయగలిగింది ఒకటే ఉంది. ఆమెను తిట్టిన ఏడెనిమిది మందికి ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పాను. "మోసం ఏం లేదురా. చెప్పమంటే నేను చెప్పలే. నేను పోగొట్టుకున్న." మొదటి ఫోన్‌లో గొంతు పెగల్లేదు. ఎనిమిదో ఫోన్‌కు మామూలుగా చెప్పగలిగాను. ఆ తర్వాతే విథర్స్ పాట నాకు అర్థమైంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతి బ్రేకప్‌లో తప్పు మీదే అని కాదు. ఎవరైనా మిమ్మల్ని కొట్టారు, నిజంగానే మోసం చేశారు అంటే దాన్ని మీ మీద వేసుకోకండి. అక్కడ ‘పోయింది’ అన్నదే కరెక్ట్, పీడ పోయింది. ఇంకోటి, పశ్చాత్తాపం వచ్చింది కదా అని వెనక్కి రమ్మని వెంటపడకండి. వద్దు అంటే వద్దు, బ్లాక్ చేస్తే బ్లాక్. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం లేదు. కానీ ఎట్లా కాలాయో నిజం చెప్తే, ఇంకోసారి మంటలో చెయ్యి పెట్టకుండా ఉంటాం.

ఆ ఆటో తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. దిగేటప్పుడు మాత్రం అడిగాను. "పోయిందా, పోగొట్టుకున్నవా తమ్ముడూ?"

కాసేపు మాట్లాడలేదు. పాట సౌండ్ తగ్గించాడు. "చిల్లర లేదన్నా, ఫోన్‌పే కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఇక ఉంటాను ఫ్రెండ్స్. మీరు స్టేటస్ పెట్టే ముందు ఆ ప్రశ్న ఒకసారి వేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.